మెకానిక్ దగ్గర చిక్కుకున్న ఫిల్మ్ కెమెరా: కేసు ఎక్కడ వేయాలి, ఎప్పటిలోగా వేయాలి?

ప్రశ్న: మాది ఆదోని. మా నాన్న వాడిన యాషికా ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్ ఫిల్మ్ కెమెరా ఉంది. ఆయన పోయాక దాన్ని బాగుచేయించాలని కర్నూలు, అనంతపురం అంతా తిరిగినా చేసేవాళ్లు దొరకలేదు. చివరికి 2023 నవంబరులో హైదరాబాదులో ఒక మెకానిక్‌కు ఇచ్చి, ఫోన్‌లో 8,500 రూపాయలు పంపాను. 2024 జనవరి 18న కొరియర్‌లో తిరిగొచ్చింది. జూన్‌లో చెల్లెలి పెళ్లిలో రెండు రీళ్లు తీస్తే దగ్గరి ఫోటోలన్నీ మసక. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) మధ్యలో ఫోకస్ చూసుకునే ప్యాచ్ కూడా కనిపించీ కనిపించనట్టుంది. మళ్లీ చేసిస్తానంటే 2025 మార్చిలో పంపాను. పార్టు రావాలని నెలలు గడిపి, ఆగస్టు 11న ‘మీ కెమెరా ముందే అట్లుంది, ఇంకో 3,000 కట్టి తీసుకుపోండి’ అని వాట్సాప్‌లో పెట్టాడు. నా దగ్గర రసీదు లేదు. స్టూడియో నడిపే స్నేహితుడు పాత తారీఖుతో జాబ్‌కార్డు (రిపేరుకు తీసుకున్నట్టు రాసిచ్చే చీటీ) రాసిస్తానంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? 5 లక్షలు పరిహారం అడగొచ్చా? హైదరాబాదుకే తిరగాలా?

జవాబు: నాన్నగారి కెమెరా గురించి నాలుగు పేజీలు రాశారు. కొరియర్ కాగితాలు దాచారో పారేశారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ రెండు తారీఖుల దగ్గర. ముందు వాటి సంగతి చూద్దాం.

మొదటిది 2024 జనవరి 18. రిపేరు సరిగా చేయలేదన్న ఫిర్యాదు అక్కడ పుట్టింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. లోపం జూన్‌లోనే బయటపడిందని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ రిపేరై వచ్చిన కెమెరాలో ఐదు నెలలు రీలు ఎక్కించకుండా బీరువాలో పెట్టింది మీరే కదా అని అవతలి లాయరు అడుగుతాడు. ‘చేస్తా, చూస్తా’ అనే వాట్సాప్ మెసేజీలు ఎన్ని ఉన్నా గడువు ఆగదు. చాలామంది ఈ మాటలు నమ్మే కాలం మించబెట్టుకుంటారు. కాబట్టి జనవరి 18 నుంచే లెక్కేసుకోండి. 2026 జనవరి 18 ఆదివారం, దానికి ముందు సంక్రాంతి వారం. డిసెంబరు లోపలే ఫిర్యాదు దాఖలు కావాలి.

రెండోది 2025 ఆగస్టు 11. ఆ రోజు అతను ఇంకో 3,000 కడితే తప్ప కెమెరా తిరిగి ఇవ్వనన్నాడు. దీని లెక్క వేరు. ఇలా వస్తువును రిపేరుకు అప్పగించడాన్ని చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. పని అయ్యాక, లేదా ఇచ్చిన గడువు తీరాక, వస్తువు తిరిగి ఇవ్వాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 160 చెబుతుంది. ఇవ్వకుండా ఉంచుకుంటే ఆ రోజు నుంచి దానికేమైనా బాధ్యత అతనిదేనన్నది సెక్షన్ 161. ఈ ఫిర్యాదుకు 2027 ఆగస్టు దాకా సమయముంది. రెండు ఫిర్యాదులనూ ఒకే దరఖాస్తులో, విడివిడి పేరాల్లో రాయించండి. కలగలిపి రాస్తే మొదటిదానికి కాలం మించిందన్నప్పుడు రెండోదీ దాంతోపాటు కొట్టుకుపోవచ్చు.

ఇక సాక్ష్యం. ‘ప్యాచ్ మసకబారింది’ అన్న పాయింటు మీద కేసు కట్టకండి. ఆ కెమెరా వ్యూఫైండర్‌లో సగం వెలుగును పంపి సగం తిప్పే పలుచని పూత ఉన్న అద్దం ఒకటుంటుంది. స్పిరిట్ అద్దిన దూదితో గట్టిగా రుద్దితే ఆ పూత ఊడివస్తుంది, ప్యాచ్ వెలిసిపోతుంది. మీ మెకానిక్ అదే చేసి ఉండొచ్చు. కానీ యాభై ఏళ్ల అద్దం మీద వయసుతోనూ, పొగచూరినట్టు పట్టిన మసకతోనూ ప్యాచ్ తగ్గుతుంది. అతను అదే చెబుతాడు. కెమెరా ఇచ్చేముందు వ్యూఫైండర్‌కు ఫోన్ ఆనించి ఒక్క ఫోటో తీసి ఉంటే అతని నోరు మూతపడేది. మీరు తీయలేదు. తాతలనాటి వస్తువును పరాయి ఊరికి పంపుతూ బాడీ నంబరు కూడా రాసిపెట్టుకోకపోవడం ఏం జాగ్రత్త?

మీకు పనికొచ్చేది ఫోకస్ తేడా. వయసు మీద పడితే ప్యాచ్ మసకబారుతుంది, నిజమే. అలైన్‌మెంట్, అంటే ప్యాచ్‌లో కనిపించేదీ లెన్సు ఫోకసూ ఒకదానికొకటి కలిసేలా సరిచూడటం మాత్రం మీరు డబ్బిచ్చి చేయించుకున్న పనిలో భాగం. దూరపు వస్తువును, అంటే ఒకటి రెండు కిలోమీటర్ల అవతలి కొండనో సెల్ టవర్‌నో చూస్తూ లెన్సును అనంతం గుర్తు దాకా తిప్పితే, ప్యాచ్‌లోని రెండు బొమ్మలు ఒకటైపోవాలి. కాకపోతే పని కానట్టే. ‘బ్యాటరీ తేడా వల్ల’ అనే సాకు కూడా రావచ్చు. ఈ మోడల్‌కు పాత 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ దొరక్క ఇప్పుడంతా 6 వోల్టుల 4ఎల్‌ఆర్44ను అడాప్టర్‌లో వేసి వాడుతున్నారు. అది షట్టర్‌కూ వెలుతురు కొలతకూ సంబంధించింది. ఫోకస్ పూర్తిగా మెకానికల్, బ్యాటరీ తీసేసినా పనిచేస్తుంది.

పెళ్లి ఫోటోల్లో లెన్సు పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ 1.7 దగ్గర, రెండు మీటర్ల దూరంలో తీసినవి ముందు వెతకండి. అక్కడ స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి సుమారు 20 సెంటీమీటర్లే కాబట్టి తేడా దాగదు. ఫ్లాష్ వేసి, లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 8లో తీసిన వాటిలో దాదాపు మీటరు లోతు వస్తుంది, తప్పు కప్పబడిపోతుంది. ‘ఈ ఫోటోలు బాగానే ఉన్నాయే’ అని అతను అవే చూపిస్తాడు. మసకైన ప్రతి ఫ్రేములోనూ పెళ్లికూతురు కాకుండా వెనకనున్న వాళ్లు స్పష్టంగా ఉన్నారనుకోండి, చేయి వణికిందన్న వాదన పనికిరాదు.

డిజిటల్ ఫోటో అయితే కెమెరా పేరు, తారీఖు ఫైల్లోనే ఉంటాయి. నెగెటివ్‌కు అవేవీ ఉండవు. ఈ ఫోటోలు ఆ కెమెరావేనని చూపడానికి మూడు కావాలి: ల్యాబ్ డెవలపింగ్ బిల్లు, ఆ వారంలోనే మీరు మెకానిక్‌కు పంపిన స్కాన్‌ల మెసేజ్, తాకని నెగెటివ్‌లు. కెమెరా లోపల ఫిల్మ్ మీద వెలుతురు పడనిచ్చే చట్రం, అంటే ఫిల్మ్ గేటు, అంచునున్న చిన్న గీతలు, గంట్లు ప్రతి ఫ్రేము అంచులోనూ పడతాయి. రేపు అదే కెమెరాతో మరో రీలు తీస్తే అవి సరిపోల్చవచ్చు. అందుకే అంచులు కత్తిరించిన ప్రింట్లు కాదు, నెగెటివ్ స్ట్రిప్పులు భద్రపరచండి.

వాట్సాప్ ఉన్న ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి. చాట్ ప్రింటుతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయించండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోవు, అయినా పెట్టడమే మంచిది. ఆగస్టు 11 మెసేజ్ మీకు బంగారం. కెమెరా తన దగ్గరే ఉందని అతనే రాసిచ్చాడు.

ఇప్పుడు ఆ జాబ్‌కార్డు. ముట్టుకోవద్దు. కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణే. దొంగ కాగితం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. రాసిచ్చిన స్నేహితుడూ ఇరుక్కుంటాడు. పట్టుబడటం ఎంతో సులువు: హైదరాబాదులో ఇచ్చిన కెమెరాకు ఆదోని స్టూడియో జాబ్‌కార్డు ఎక్కడిదని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఆ మరుక్షణం మీ నిజమైన చాట్‌ను కూడా ఎవరూ నమ్మరు.

చీటింగ్ కేసు మాట పక్కన పెట్టండి. మోసం ఉద్దేశం మొదటినుంచీ ఉందని చూపాలి, పని చెడినంత మాత్రాన చాలదు. కెమెరాను అతను అమ్మేశాడని తేలితే అప్పుడు నమ్మకద్రోహం, న్యాయ సంహిత సెక్షన్ 316, ఆలోచిద్దాం. నలుగురిని వెంటేసుకుని షాపుకు వెళ్లి లాక్కొచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, ముద్దాయి మీరవుతారు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువుతో, నోటీసు పంపండి. కెమెరా మీద ఇకపై ఏ పనీ చేయవద్దని, ఉన్నదున్నట్టు 15 రోజుల్లో ఇవ్వాలని, రెండుసార్లూ ఏ భాగాలు విప్పాడో మార్చాడో రాతపూర్వకంగా చెప్పాలని, తీసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని రాయించండి. 3,000 విషయంలో అతను కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఎత్తుకుంటాడు. చేసిన పనికి కూలి రాకపోతే వస్తువు ఆపుకునే హక్కు రిపేరు చేసేవాడికి నిజంగానే ఉంది. అయితే ఒప్పుకున్న పని చేసి ఉండాలి, అదీ ఆపుకోవడం వరకే, అమ్ముకునే హక్కు లేదు. ఇక్కడ ‘ముందే అట్లుంది’ అని పని చేయనే లేదు. నోటీసుకూ దిగిరాకపోతే, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ముందు మెసేజ్ పెట్టి 3,000 పంపి కెమెరా తెప్పించుకోవడం తెలివైన పని. ఆ డబ్బు ఫిర్యాదులో తిరిగి అడగవచ్చు. మీ ప్రధాన సాక్ష్యం అవతలివాడి డ్రాయరులో ఉండటం కన్నా అది నయం. పెట్టె విప్పేది మొదటినుంచీ వీడియో తీయండి. మీరే స్క్రూ తిప్పకండి, ఇంకో మెకానిక్‌తో తెరిపించకండి. విప్పకుండా పైనుంచే పరీక్షించి రిపోర్టు, అఫిడవిట్ ఇచ్చే మరో నిపుణుడిని చూసుకోండి.

కేసు హైదరాబాదులో వేయనక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉంటున్న చోట వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 చెబుతుంది కాబట్టి కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీరు చెల్లించింది 8,500. పెళ్లి ఫోటోలకు డబ్బు తీసుకుని ఉంటే ఆ మాట లాయరుకు దాచకండి. వ్యాపార అవసరానికి వాడారన్న వాదన వస్తుంది.

5 లక్షలు మరచిపోండి. 8,500, కట్టి ఉంటే ఆ 3,000, కొరియర్ ఖర్చు, కెమెరా ఇవ్వకపోతే ఇదే మోడల్ ఇప్పుడు అమ్ముడయ్యే ధరల స్క్రీన్‌షాట్లతో దాని విలువ, మనోవేదనకు కొంత, కోర్టు ఖర్చులు. నాన్నగారి జ్ఞాపకానికి వచ్చేది ఆ ‘కొంత’లోనే. గడువు వాదన వచ్చినా ఇబ్బంది లేకుండా, ఆలస్యం మన్నించమని సెక్షన్ 69 కింద ఒక దరఖాస్తు కూడా ఫిర్యాదుతోనే దాఖలు చేయించండి.