మేనకోడలికి, హాస్టల్ ఓట్ల సంగతి

గుణుపూరు,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ ముద్దుల కోడలు రాజకీయాల్లో దిగింది, విన్నావా?" అన్నాడు. కోపంగా అందామని చూశాడు గానీ గొంతులో గొప్ప దాగలేదు. సంగతి మొత్తం విన్నాక నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

పర్లాకిమిడిలో మీ హాస్టల్ వైపు వార్డుకు ఉపఎన్నిక వస్తోందట. ఏ పార్టీ తరఫునా కాకుండా, నువ్వూ నీ స్నేహితురాళ్లు నలుగురూ హాస్టళ్లూ అద్దె గదులూ తిరిగి కాలేజీ పిల్లలచేత ఓట్లు వేయిస్తారట. మంచిదే. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు, మధ్యలో రీల్స్ చూడకు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. జాబితాలో పేరుంటేనే ఓటు. ఓటరు కార్డు ఇంట్లో మర్చిపోతే ఆధార్ లాంటిది ఏదైనా పనికొస్తుంది. బూతుకు 100 మీటర్ల లోపల ఎవరికీ ఏమీ చెప్పకూడదు. లోపల ఫోన్ తీసి ఫొటోలు తీసుకోవద్దని మగపిల్లలకు రెండుసార్లు చెప్పు, ఒకసారి చెబితే వినరు.

ఇక నాకు తెలిసినది. ఇన్నేళ్ల టీచరు ఉద్యోగంలో నేను ఎన్ని ఎన్నికల డ్యూటీలు చేశానో లెక్క లేదు. బడిలో బల్లలు కలిపి వాటిమీద పడుకోవడం, దోమలు, తెల్లవారుజామున లేచి మాక్ పోల్ (యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్) పెట్టడం, అన్నీ అలవాటే. 2022 మార్చి 24న మన ఒడిశాలో పట్టణాల ఎన్నికలు జరిగినప్పుడు భలే సందడి. ఛైర్‌పర్సన్‌ను జనమే నేరుగా ఎన్నుకోవడం, మునిసిపాలిటీకి ఈవీఎం వాడడం అప్పుడే మొదలు. మొగుడొకరికి, పెళ్లాం ఒకరికి వేశామని బయట పోట్లాడుకున్నవాళ్లను కూడా చూశాను. ఆ తర్వాత ఒకసారి వేరే ఊళ్లో ఒక్క వార్డు ఉపఎన్నికకు డ్యూటీ పడింది. ఊరేగింపు లేదు, మైకు లేదు, ఎవరూ పెద్ద నాయకుడు రాలేదు. ఒక్క సీటు మారితే మునిసిపాలిటీ మారదు కదా అని జనం కదల్లేదు. మధ్యాహ్నానికి అభ్యర్థుల ఏజెంట్లు కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారు.

మా మొదటి పోలింగ్ ఆఫీసరు దగ్గర జాబితా ఉంటుంది. ఓటు వేసినవాళ్ల పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తారు, ఆడవాళ్లయితే నంబరు పక్కన టిక్కు కూడా పెడతారు. ఊరికే కూర్చోలేక నేను ఆ పేజీలు తిప్పాను. ఒక పేజీలో అక్కడక్కడా గీతలు, ఇంకో పేజీలో బాగానే గీతలు. ఒకచోట మాత్రం వరసగా కుర్రాళ్ల పేర్లు, అందరికీ ఒకే హాస్టల్ అడ్రసు. పేజీ మొత్తానికి ఒక్క ఎర్ర గీత లేదు. "ఈ కాలం పిల్లలకు బాధ్యత లేదు" అని నేను పైకే అన్నాను. అక్కడ ఏజెంటుగా కూర్చున్న టీకొట్టు ఆయన కళ్లు తెరిచి అన్నాడు: "మేడమ్, వీళ్లంతా పరీక్షలు పాసై ఎప్పుడో పోయారు. ఒకడు హైదరాబాదు, ఒకడు సూరత్. ఇప్పుడా గదుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఇందులో లేవు."

అప్పటిదాకా ఆ ముక్క నాకు తట్టలేదు చూడు. విద్యార్థులు ఓటెయ్యరు, ఓటెయ్యరు అంటారు. ఉన్నవాడి పేరు జాబితాలో ఉండదు, జాబితాలో ఉన్నవాడు ఊళ్లో ఉండడు. ఇక ఎవడు వేస్తాడు? కాబట్టి ఉపన్యాసాలు తర్వాత. ముందు ఆ వార్డు జాబితా సంపాదించి, హాస్టల్లో గది గదికీ వెళ్లి, ఈ పేరుగల మనిషి నిజంగా ఇక్కడ ఉన్నాడా అని చూసుకోండి. మీరు పరిగెత్తాల్సింది ఎంతమంది కోసమో అప్పుడు తెలుస్తుంది. బహుశా మీరు అనుకున్నదాంట్లో పావు కూడా ఉండరు.

జాబితా ఒడియాలో ఉంటుంది, అదొక తంటా. ఒడియాలో మన 'వ' కాస్తా 'బ' అయిపోతుంది. వెంకటలక్ష్మి బెంకటలక్ష్మి అవుతుంది. 'య' చాలాచోట్ల 'జ'. ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో ఆ రాసినవాడికే తెలియాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఒడియా చదవడం రాదు, పేరు లేదనుకుని వెనక్కి పోతారు. కార్డు నంబరుతో వెతకండి, లేదా ఒడియా చదివే అమ్మాయిని ఒకర్తెను కూర్చోబెట్టుకోండి.

పేరు లేనివాళ్ల సంగతి. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు సొంతూళ్లో ఓటు ఉంచుకోవచ్చు, హాస్టల్ అడ్రసు మీద పెట్టుకోవచ్చు. ఏది కావాలో అతని ఇష్టం. అక్కడ చదువుతున్నట్టు కాలేజీ పెద్ద దగ్గర బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కొత్తవాళ్లకు ఫారం 6, వేరేచోట ఇప్పటికే పేరుంటే మార్పుకు ఫారం 8. మునిసిపాలిటీ జాబితాను సాధారణంగా అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా విడగొడతారు, దానికో గడువు తేదీ ఉంటుంది. ఇప్పుడు పెట్టుకున్నవాళ్లకు ఈ ఉపఎన్నిక అందకపోవచ్చు. అందకపోతే ఏం, 2022లో గెలిచినవాళ్ల అయిదేళ్లు 2027తో అయిపోతాయి, మళ్లీ మొత్తం ఊరికి ఎన్నికలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకు కొంత తెలుసు, మీ అమ్మకు తెలీదు.

ఏ ఏడాదో చెప్పను, లెక్కగట్టి ఎగతాళి చేస్తావు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989 మార్చిలో. ఆ కొత్త ఇంకా తీరని రోజులు. నేను నీలాగే చదువుకుంటున్నాను, నీలాగే ఊరిని ఉద్ధరిద్దామనుకున్నాను. మా వీధి మనిషి ఒకాయన వార్డుకు నిలబడదామనుకున్నాడు. మంచివాడు. కుర్రాళ్లను చేర్పించమ్మా అన్నాడు. నా చేతిరాత బావుండేది, అదే కొంప ముంచింది. మగపిల్లల గదుల నుంచి మీ నాన్న పేర్లు రాసుకొచ్చాడు. లాంతరు పెట్టుకుని ఒక్క రాత్రిలో అరవై పైచిలుకు ఫారాలు నేనే నింపాను. ఫారం చివర ఒక మాట ఉంటుంది, 'నా పేరు మరెక్కడా జాబితాలో లేదు' అని. ఎవర్నీ అడగలేదు. అడగాలని తోచలేదు. అందరి తరఫునా నేనే 'లేదు' అని రాసుకుంటూ పోయాను. పొద్దున్నే మీ నాన్న సంతకాలు పెట్టించుకొచ్చాడు. అక్క రాసింది కదా అని ఒక్కడూ చదవలేదు.

మన ఊరు పర్లాకిమిడి ఎలాంటిదో నీకు తెలుసు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు జమీను మధ్యలో గీత పడింది. మహేంద్రతనయ ఏటికి అవతల ఆంధ్రలో పాతపట్నం, ఇవతల మనం. పెళ్లిళ్లూ పొలాలూ అటూ ఇటూ. ఆ కుర్రాళ్లలో చాలామంది పాతపట్నం, మెళియాపుట్టి వాళ్లు. ఇంటి దగ్గర పెద్దలు వాళ్ల పేర్లు ఎప్పుడో ఎక్కించేశారు. ఒడిశా, ఆంధ్ర రెండూ మావే అనే కొటియా గ్రామాలకు రెండు రాష్ట్రాల కార్డులున్నాయని పేపర్లలో వస్తుందే, 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా. అక్కడ రెండు ప్రభుత్వాలూ మా జనం అంటే మా జనం అని కొట్టుకున్నాయి. మాకు అలాంటి సాకు లేదు. మా కుర్రాళ్లను రెండుచోట్ల ఎక్కించింది నేనే.

అవతలి పక్షంవాళ్లు అభ్యంతరం పెట్టారు. ఫారాలన్నీ ఒకే చేతిరాత, పట్టుకోవడానికి తెలివి అక్కర్లేదు. విచారణకు రమ్మని అందరికీ కబురు వెళ్లింది. అప్పటికి పరీక్షలైపోయి హాస్టల్ ఖాళీ. వచ్చింది తొమ్మిదిమంది. మిగతావన్నీ ఒకే కట్టగా కట్టి పక్కన పడేశారు, నిజంగా ఇక్కడే ఉండాల్సిన పేర్లు కూడా వాటితోపాటే పోయాయి.

అంతటితో ఆగితే నేనింత రాసేదాన్ని కాదు. వానాకాలం, ఏరు నిండుగా ఉంది. ఒక పొద్దున్న మా గుమ్మం ముందు సైకిలు ఆపి ఒకాయన నిలబడ్డాడు. మోకాళ్ల దాకా బురద, తలమీద తడి తువ్వాలు, హ్యాండిలుకు సంచిలో పనసకాయ. ఆయన కొడుకు ఆ కట్టలో ఒకడు. కానిస్టేబుల్ సెలెక్షన్ అయింది, ఇక పోలీసు విచారణ రావాలి. ఈలోగా రెండుచోట్ల పేరుందని నోటీసు వెళ్లింది. తప్పుడు మాట రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలు కూడా పడొచ్చని ఊళ్లో ఎవరో ప్లీడరు గుమాస్తా చెప్పాడట. అది నిజమే, చట్టంలో ఉంది. ఆయన నన్ను చూసి చేతులు జోడించాడు. నాకు ఇరవై ఏళ్లు, ఆయనకు మా నాన్న వయసు. "అమ్మా, మా గుంటడు నీ రాత సూసి సంతకం పెట్టాడట. ఉద్యోగం పోతాదా?" అన్నాడు. పనసకాయ తీసి అరుగుమీద పెట్టాడు. మా అమ్మ దాన్ని తీసుకోవాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడిపోయింది.

మా నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఫారాలు నింపింది నేనేననీ, కుర్రాళ్లకు తెలియదనీ రాసిచ్చాను. అక్కడి పెద్దాయన గంటసేపు తిట్టి వదిలేశాడు. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. మా వీధి ఆయన ఎన్నికల్లో ఓడాడు. చాలా తేడాతో ఓడాడు, ఆ అరవై ఓట్లూ పడినా గెలిచేవాడు కాదు.

ఆ అబ్బాయి మొన్నామధ్య నీలమణి దుర్గ గుడి దగ్గర కనిపించాడు. జుట్టంతా నెరిసింది. మాటల్లో చెప్పాడు, తర్వాత ఎక్కడా పేరు పెట్టుకోలేదట. ఎన్ని ఎన్నికల్లో బూతు బయట లాఠీ పట్టుకుని ఎండలో నిలబడ్డాడో, ఒక్కసారీ లోపలికి వెళ్లి ఓటు వెయ్యలేదు. "నాకొద్దక్కా ఆ గొడవ" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

అందుకని, బంగారూ, ఎవరి ఫారం వాళ్లనే నింపుకోనీ. బతిమాలినా సరే, "నువ్వు రాయవే, నీ రాత బావుంటుంది" అన్నా సరే. పక్కన కూర్చుని చదివి వినిపించు. ఇంటి దగ్గర ఓటు ఉందా అని అడుగు, తెలీదంటే వాళ్ల అమ్మకు ఫోన్ చేయించు. ఉంటే, మార్చుకోవడం అతని ఇష్టం. మార్చుకుంటే అక్కడ ఎమ్మెల్యే ఓటు కూడా పోతుందని ముందే చెప్పు. చాలామంది తండ్రులు ఒప్పుకోరు, ఇంట్లో ఓటు పోతే రేషన్ కార్డులో పేరూ పోతుందని భయపడతారు. అవి రెండూ వేరని చెప్పు, వాదించకు. ఊళ్లోనే ఉంచుకుంటానన్నవాణ్ణి చిన్నచూపు చూడకండి. వాళ్ల పంచాయతీ ఎన్నికలప్పుడు బస్సెక్కించండి, చాలు.

ఇంకొన్ని భయాలున్నాయి, నవ్వినా చెప్తాను. చీకటి పడ్డాక మగపిల్లల లాడ్జీలకు వెళ్లొద్దు, నలుగురున్నా సరే. అభ్యర్థి మనుషులు ఆటో పెడతామంటారు, ఎక్కించొద్దు. ఓటర్లను అభ్యర్థి బండిలో బూతుకు తరలించడం ఎన్నికల చట్టంలో అవినీతి కింద లెక్క. టీ ఇస్తే తాగండి, కవరు ఇస్తే తాకొద్దు. పోలింగ్ సెలవు శనివారమో సోమవారమో పడిందంటే రెండు రోజుల ముందే హాస్టల్ ఖాళీ అవుతుంది, తేదీ రాగానే క్యాలెండర్ చూసుకోండి. ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే సగం పనైనట్టే.

ఇంకోటి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో అనుకూలం 269, వ్యతిరేకం 270గా ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, అప్పుడు ఓటేసినవాళ్లలో మా గుణుపూరు వైపు మనిషి గిరిధర్ గమాంగ్ కూడా ఉన్నారు, ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూనే ఎంపీగా వెళ్లి వేశారు. ఈ కథ మైకులో చెప్పాలని నీకు అనిపిస్తుంది. చెప్పకు. అందరూ విన్నదే, తన ఓటు అలాంటిదని హాస్టల్ కుర్రాడెవడూ నమ్మడు. మెస్సు వెనక కాలువ ఎప్పుడు తీశారు, గేటు ముందు లైటు ఎన్నాళ్లుగా వెలగట్లేదు, అది అడుగు. కౌన్సిలర్ చేతిలో ఉండేవి అవే.

ఎండలు ముదురుతున్నాయి. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరు. బుధవారం పాసింజరులో మా పక్కింటబ్బాయి వస్తున్నాడు, పిండి పంపిస్తున్నాను, రెండు కొత్త కాటన్ చున్నీలు కూడా. మీ నాన్నను బీపీ మాత్ర మర్చిపోవద్దను. నీమీద కేకలేస్తాడు గానీ, నిన్న ఫోన్లో నీ గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు.

రాయడం ముగించబోతుంటే గుర్తొచ్చింది. మీరు పాత ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయింది కదా, అది వేరే వార్డు. నీ పేరు ఏ జాబితాలో ఉందో చూసుకున్నావా? నాకెందుకో చూసుకోలేదనిపిస్తోంది. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది చూసి ఫోన్ చెయ్యి. తొమ్మిదిలోపు అయితే మెలకువగానే ఉంటాను.

మీ అత్త