తుంగభద్ర ఒడ్డు పల్లెల్లో అప్పటి బతుకు ఇప్పుడేమైనా మిగిలిందా?

మీ తాతది కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డు ఊరని, 1994లో ఇల్లమ్మి వచ్చేశారని, మీకు ఏట్లో ఆడుకున్నది తప్ప ఇంకేం గుర్తు లేదని రాశారు. పిల్లల్ని తీసుకెళ్తే చూపించడానికి ఏమైనా ఉందా అని అడిగారు. మాదీ అదే ఒడ్డు. సుంకేసుల బ్యారేజికి దిగువన, కర్నూలుకు ఎగువన. ఊరి పేరు చెప్పను, చెబితే అందరూ నన్ను గుర్తుపడతారు. నేను పుట్టింది 1973లో కాబట్టి మీకంటే కొంచెం ఎక్కువే చూశాను.

ముందే ఒక మాట. ఇలాంటివి అడిగితే అందరూ నీళ్ల గురించి చెబుతారు. టీబీ డ్యాం (ఎగువన కర్ణాటకలోని తుంగభద్ర డ్యాం), ఆర్డీఎస్ (రాజోలిబండ కాలువ), కేసీ (కర్నూలు-కడప) కాలువ, ఎవరి వాటా ఎన్ని టీఎంసీలు అని. ఆ గొడవలు నిజమే, కాదనను. కానీ మా ఊరికి నీళ్లు ఇప్పటికీ వస్తాయి, పోతాయి. మా కళ్ల ముందు పోయింది ఇసుక.

చిన్నప్పుడు ఎండాకాలంలో ఏరంటే ఇసుకే. సంక్రాంతి దాటితే నీళ్లు మడుగుల్లోకి ముడుచుకునేవి. తాగేనీళ్లకు చెలమలే దిక్కు. ఊళ్లో బావి ఉండేది గానీ ఉప్పునీళ్లు, పప్పు ఉడికేది కాదు. తెల్లవారుజామునే మా అవ్వ ఇత్తడి బిందె, టెంకాయ చిప్ప పట్టుకుని బయలుదేరేది, నేను వెనకాల. ఇసుకను రెండు చేతులతో తోడుతుంటే మోచేయి లోతుకు తడి తగిలేది, ఇంకో జానెడు తోడితే నీళ్లు ఊరేవి. మొదట ఊరినవి మబ్బుగా ఉంటాయి. వాటిని చిప్పతో ఎత్తి పారబోయాలి. అట్లా రెండు మూడు సార్లు పోశాక అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చన్నంత తేటగా వచ్చేవి. అప్పుడు బిందె మూతికి గుడ్డ కట్టి చిప్ప చిప్ప పోసేది అవ్వ. బిందె నిండేసరికి పొద్దు పైకొచ్చేది. తొందరపడి చిప్ప లోతుగా ముంచితే "ఏం రా, ఏరు యాడికి పోతాది?" అని కసిరేది.

ఆ ఇసుకలోనే బెస్తవాళ్లు గుంతలు తీసి, ఎరువు వేసి కలింగర కాయలు, దోస, కర్బూజ పండించేవాళ్లు. కలింగర అంటే పుచ్చకాయే, మీ ఇంట్లో ఏమనేవాళ్లో. రాత్రి కాపలాకు వాళ్ల పిల్లలతో పాటు మేమూ పోయి ఇసుకలో పడుకునేవాళ్లం. పగలు కాళ్లు కాల్చే ఇసుక అర్ధరాత్రికి చల్లగా అయిపోయేది.

ఇక ఏరు రావడం. "ఏరొచ్చె!" అని ఎవరో అరిస్తే బడిలో అయ్యవారు కూడా ఆపేవాడు కాదు. సినిమాల్లో చూపించినట్టు గోడలా వచ్చిపడేది కాదు, అదంతా ఉత్తది. మొదటి నీళ్లు మెల్లగా పాకుతూ వచ్చేవి. ముందు నురగ, ఎండుటాకులు, పుల్లలు, ఆ వెనక ఎర్రనీళ్లు. ఇసుక తాగుతుంటే సుయ్ మని చప్పుడు. మేము దానికి రెండడుగుల ముందు వెనక్కి వెనక్కి నడిచేవాళ్లం. ఒక్కొక్క చెలమా నిండిపోయేది. మా అవ్వ పసుపు, కుంకుమ చల్లి దండం పెట్టేది. సాయంత్రానికి మోకాటి లోతు, పొద్దున లేచేసరికి అవతలి ఒడ్డు దూరమైపోయేది.

అవతలి ఒడ్డు మాకు పరాయిది కాదు. మా అమ్మ పుట్టిల్లు అక్కడే. నీళ్లున్న నెలల్లో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, లేనప్పుడు నడక. పుట్టి ఎక్కితే తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది, మొదటిసారి ఎక్కినవాళ్లకు కడుపులో తిప్పుతుంది. పెండ్లి సామాన్లు, జొన్న బస్తాలు, మేకలు అన్నీ అందులోనే దాటేవి. రాజోలి నేతచీరల మూటలూ అట్లా దాటడం చూశాను.

2009 సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. అక్టోబర్ 2న కర్నూలు టౌనే మునిగింది. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి, కింద శ్రీశైలం వెనకనీళ్లు ఎగదన్నాయి. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం డ్యాంకు 25 లక్షల దాకా వచ్చిందంటే చూడండి. అవతల రాజోలి సగం నేలమట్టం. నేను అప్పుడు అనంతపురంలో ఉద్యోగం. రోడ్లు తెగి నాలుగో రోజుకు గానీ ఊరు చేరలేదు. మావాళ్లు మెరక చేలల్లో ఉన్నారు, ప్రాణాలకు ఏం కాలేదు. విచిత్రం ఏంటంటే, మా మట్టి మిద్దె వరదలో పడలేదు. నీళ్లు తీసేశాక కూడా నిలబడే ఉంది. "దేవుడున్నాడు" అనుకున్నాం. రెండు రోజులు గట్టిగా ఎండ కాసింది. నానిన గోడలు ఆరుతూ నెర్రెలిచ్చి, మధ్యాహ్నం అన్నం తినే వేళకు పైకప్పు దంతెలు, వాటి పైనున్న చౌడు మట్టి, వెలుతురు కోసం వదిలిన గవాచి అన్నీ కలిసి కూర్చుండిపోయాయి. మా వీధిలో చాలా ఇండ్లు అట్లా ఎండకే పడ్డాయి.

తర్వాత రోడ్డు పక్కన మెరక మీద కాలనీ వచ్చింది. అంతకుముందు ఏరు మా గడప నుంచి యాభై అడుగులు, ఇప్పుడు రెండు కిలోమీటర్లు. కొళాయి వచ్చింది, క్యాన్ నీళ్లు వచ్చాయి, ఆడవాళ్లకు బిందె మోత తప్పింది. అది మంచిదే. మా అవ్వ నడుము ఎట్లా వంగిపోయిందో చూసినవాణ్ని, ఆ రోజులే బాగుండేవని నేననను.

కానీ ఏటికి పోయే పని లేకపోయేసరికి, ఏట్లో ఏం జరుగుతోందో చూసేవాళ్లు కూడా లేకపోయారు. మొదట ఎద్దుల బండ్లు, తర్వాత ట్రాక్టర్లు, ఆ తర్వాత రాత్రిళ్లు టిప్పర్లు. ఎవరో బయటివాళ్లు దోచుకున్నారని చెప్పుకుంటాం గానీ, మా కాలనీ గోడలన్నీ ఆ ఇసుకే. మా ఇల్లూ అదే. మా తమ్ముడు మూడేళ్లు ఇసుక ట్రాక్టర్ తోలాడు, ఆ డబ్బుతో చెల్లెలి పెండ్లి చేశాం. ఇంక ఎవర్ని తిట్టాలి?

ఇసుక ఉన్నప్పుడు వచ్చిన నీళ్లలో కొంత దాని కింద నిలబడేది, ఎండాకాలమంతా చెలమల్లో, ఒడ్డు బావుల్లో ఊరేది. ఇప్పుడు చాలా చోట్ల బండ తేలింది, మిగిలిన చోట బురద, జమ్ము, సర్కారు తుమ్మ. నీళ్లు వచ్చినంత వేగంగా దిగిపోతాయి. ఒడ్డు చేలల్లో బోర్లు ఏటేటా లోతుకు దించుతున్నారు.

2014 తర్వాత ఏరే రాష్ట్రాల సరిహద్దు అయింది. మొదట్లో నవ్వుకున్నాం, మా మామ తెలంగాణ అయ్యాడని. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, మా పెద్దమ్మ అవతలి ఒడ్డున చనిపోయింది. కర్నూలు వంతెన మీద పోలీసులు, పాస్ లేనిదే వదలరు. మా అమ్మకు అప్పటికి డెబ్బై దగ్గర. ఎవరికీ చెప్పకుండా చీకటితోనే లేచి, చిన్నప్పుడు నడిచిన దారినే ఎండిన ఏట్లో నడిచి అక్కను చూసుకుని, చీకటి పడ్డాక తిరిగొచ్చింది. ఇసుకలో నడక అలవాటేనంట, బండల మీదే కాళ్లు జారాయంట. తప్పే, నాకూ తెలుసు.

అదే ఏడు నవంబర్ 20న పుష్కరాలు మొదలయ్యాయి. కరోనా అని ఘాట్ల దగ్గర షవర్లు పెట్టారు. ఏటి ఒడ్డున షవర్ కింద స్నానం! మా అవ్వ ఉండుంటే ఏమనేదో.

మళ్లీ 2024 ఆగస్టులో టీబీ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి కాలనీలో ఎవరూ నిద్రపోలేదు. అమ్మ పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ సారి ఏం కాలేదు.

మీ ప్రశ్నకు వస్తే: నీళ్లు, పుట్టి చూపించాలంటే అక్టోబర్, నవంబర్‌లో రండి. పుట్టి తోలేవాళ్లు తగ్గిపోయారు, ముందే కనుక్కుని రావాలి. సుంకేసుల బ్యారేజి చూసుకుని, అవతల అలంపురం గుళ్లు కలుపుకుంటే ఒక రోజు సరిపోతుంది. మీ తాత ఇల్లు దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. పాత ఊళ్లో రచ్చకట్ట, వేపచెట్టు కనబడితే దాన్నిబట్టి వీధి గుర్తుపట్టొచ్చు.

ఇసుక చూపించాలంటే మార్చి, ఏప్రిల్. మా ఊరికి కొంచెం ఎగువన ఏరు వంపు తిరిగే చోట, పెద్ద రాతిగుండు వెనక, ట్రాక్టర్ దిగడానికి దారి లేక కొంత మిగిలింది. పోయిన ఉగాదికి మా అమ్మాయితో అక్కడ చెలమ తీయించాను. మోచేయి దాటాక గానీ తడి తగల్లేదు. నీళ్లు ఊరడానికి చాలాసేపు పట్టింది, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. మూడోసారి పారబోశాక తేటపడ్డాయి. తాగుతానంది. నేనే వద్దన్నాను, పైన చేలల్లో ఏ మందులు కొడుతున్నారో తెలుసు కాబట్టి. మొహం కడుక్కుని వచ్చేశాం.