ఎవరూ ఓటు వేయని పదవి కోసం

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. లా చదివి జడ్జి కావాలని కోరిక. ఈ మధ్య ఒక వక్తృత్వ పోటీలో, ‘కోట్ల మంది ఓటేసి గెలిపించిన ప్రభుత్వం చేసిన చట్టాన్ని ఎవరూ ఎన్నుకోని జడ్జీలు కొట్టివేయడం ప్రజాస్వామ్యమా?’ అని అడిగితే నాకు నోట మాట రాలేదు. అప్పటి నుంచి ఈ వృత్తి మీదే అనుమానం పట్టుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ప్రశ్నకు జవాబు తట్టకపోవడం తప్పు కాదు. అసలు ఆ ప్రశ్నే రాకుండా కోచింగ్‌లో చేరిపోయేవాళ్లను చూస్తేనే నాకు బెంగ. మీకు ఒక కేసు చెబుతాను.

1985, కేరళ. ఒక బడిలో రోజూ జాతీయగీతం పాడేటప్పుడు ముగ్గురు తోబుట్టువులు లేచి మర్యాదగా నిలబడేవారు, కానీ గొంతు కలిపేవారు కాదు. వాళ్లు ‘యెహోవా సాక్షులు’ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. పాడటానికి తమ విశ్వాసం ఒప్పుకోదన్నారు. ఈ సంగతి ఒక శాసనసభ్యుడి దృష్టికి వచ్చింది. ఆయన సభలో ప్రశ్న వేశారు. ప్రభుత్వం విచారణ జరిపించింది. పిల్లలు బుద్ధిమంతులేననీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ ఆ విచారణలోనే తేలింది. అయినా వాళ్లను బడి నుంచి పంపేశారు. హైకోర్టులోనూ చుక్కెదురైంది. చివరికి 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. గీతం పాడి తీరాలనే చట్టమేదీ లేదనీ, లేచి నిలబడితే గౌరవించినట్టేననీ జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఆ తీర్పులో రాశారు.

ఆ జడ్జి అయిదేళ్లకోసారి ఓట్లడిగే మనిషి అయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఒక్క కుటుంబానికి ఎన్ని ఓట్లుంటాయి? ఆ తీర్పు విని కోపం తెచ్చుకునేవాళ్లకు ఎన్ని ఉంటాయి? ఈ లెక్క జడ్జి మనసులోకి రాకూడదనే ఆయనకు నియామకం, స్థిరమైన పదవీకాలం ఇచ్చారు. సుప్రీంకోర్టు జడ్జిని 65 ఏళ్లు నిండకముందే తొలగించాలంటే పార్లమెంటు ఉభయసభల్లోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి. ఎన్నికైన ప్రభుత్వం కూడా రాజ్యాంగం గీసిన గీత లోపలే ఉండాలి కదా, ఆ గీతను గుర్తు చేసే మనిషి ప్రభుత్వం దయ మీద బతకకూడదు. కోర్టు చేతిలో పోలీసులూ ఉండరు, ఖజానా ఉండదు. ఉన్నదల్లా కారణాలు రాసి చెప్పే బాధ్యత. ఓటరు తన ఓటుకు కారణం చెప్పనక్కర్లేదు, జడ్జి మాత్రం ప్రతి తీర్పుకూ చెప్పాలి.

అలాగని కోర్టులను నెత్తిన పెట్టుకోమనడం లేదు. అత్యవసర పరిస్థితి నాడు, 1976లో, అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు కూడా ఉండదని అయిదుగురిలో నలుగురు జడ్జీలు తేల్చేశారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి జూనియర్‌కు వెళ్లింది. కొలీజియం పేరుతో జడ్జీలే జడ్జీలను ఎంపిక చేసుకోవడం నాకూ పూర్తిగా మింగుడు పడదు. దాని స్థానంలో పార్లమెంటు తెచ్చిన నియామక కమిషన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది. ఆ వాదన ఇంకా చల్లారలేదు. మీ పోటీలో ఈ కోణం ఎవరైనా తెచ్చి ఉంటే మీకు ఇంకా ఇబ్బందయ్యేది.

ఇక దారి సంగతి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా కోర్సు, లేదా ఏదైనా డిగ్రీ చేసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే న్యాయవాదిగా కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తిరిగి తప్పనిసరి చేసింది. కాబట్టి చదువు ముగియగానే జడ్జి కుర్చీ అనే ఊహ వదిలేయండి. ఏడేళ్లు ప్రాక్టీసు చేసినవారు జిల్లా జడ్జి పోస్టుకు నేరుగా పోటీ పడవచ్చు. హైకోర్టుకు పరీక్ష లేదు. పదేళ్ల ప్రాక్టీసో పదేళ్ల న్యాయాధికార పదవో ఉన్నవారి నుంచి ఎంపిక చేస్తారు. పరీక్షకు ముందు ఆ మూడేళ్ల ప్రాక్టీసు వృథా అని కొందరు తల్లిదండ్రులు నా దగ్గర వాపోతుంటారు. నేను ఒప్పుకోను. సాక్షి బోనులో తడబడుతున్నది అబద్ధమాడుతూనా, భయంతోనా అన్నది ఏ గైడూ నేర్పదు.

ఇప్పుడే మొదలుపెట్టగల పని ఒకటుంది. నేను చెప్పిన 1986 తీర్పు మరీ పెద్దదేమీ కాదు, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని పూర్తిగా చదవండి. తర్వాత, ఆ పిల్లలను పంపేసిన బడి తరఫున మీరే లాయరైతే ఏం వాదిస్తారో తెలుగులో రెండు పేజీలు రాసి నాకు పంపండి.