సిమ్యులేటర్ చాలు, కానీ ఎగరేసేది మీరు కాకూడదు

చిన్న విమానాల పైలట్లను హెచ్చరించే సిస్టమ్‌ను మామూలు డెస్క్‌టాప్ సిమ్యులేటర్‌లో పరీక్షిస్తే చాలా అని అడిగారు. మొదటి దశకు చాలు. కాకపోతే సిస్టమ్ తయారుచేసినవాళ్లే యోక్ (విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటి పిడి) పట్టుకుంటే ఆ పరీక్ష దండగ.

మాదాపూర్‌లో మేం నలుగురం సెస్నా 172 అనే చిన్న విమానం కోసం ఇలాంటిదే చేశాం. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ నుంచి డేటా తీసుకుని, వేగం 55 నాట్ల కిందికి వస్తే "స్పీడ్, స్పీడ్" అని వాయిస్ వచ్చేలా పెట్టాం. ఫ్లాప్స్ (రెక్క వెనకంచున కిందికి దిగే పలకలు) దించకపోతే ఆ విమానం 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక అది పడిపోతుంది. 7 నాట్లు ముందే చెబుతున్నాం కదా అనుకున్నాం. మా వాయిస్ ఒక్కటే వినపడాలని సిమ్‌లో విమానం సొంత స్టాల్ హెచ్చరిక హారన్ ఆపేశాం. రెండు వారాలు మేమే ఎగరేశాం. అన్నీ పాస్.

ఒక ఆదివారం కొలీగ్ వాళ్ల తమ్ముడిని పిలిచాం. అప్పుడప్పుడే సోలో చేసిన (టీచర్ లేకుండా ఒంటరిగా ఎగిరిన) కుర్రాడు. బేగంపేటలో పడమర వైపు దిగే 27 రన్‌వే, ఎడమ సర్క్యూట్, అంటే ఎడమ మలుపులతో చుట్టూ తిరిగి వచ్చి దిగడం. చెప్పకుండా దక్షిణం నుంచి గట్టి గాలి పెట్టాం. రన్‌వే వైపు చివరి మలుపుకు ముందుండే బేస్ లెగ్‌లో గాలి వెనక నుంచి తోసేసరికి రన్‌వే లైన్ దాటిపోతున్నాడు. కంగారులో 45 డిగ్రీలు వంచి యోక్‌ను పొట్ట దాకా లాగాడు. ఎడమ రెక్క పడిపోయింది. స్క్రీన్ నిండా సికింద్రాబాద్ ఇళ్ల కప్పులు. మా వాయిస్ అప్పుడు మొదలైంది.

"అన్నా, ఇది ముందే చెప్పాలి కదా?" అన్నాడు. రెండు రోజుల్లో అతను అదే మలుపు నిజం విమానంలో తిరగాలి.

ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల వంపులో తిరిగితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. 48 కాస్తా 57 అవుతుంది. ఈ లెక్క మాకూ తెలుసు. కానీ మేం ఎగరేసిందంతా తిన్నగానే. సెస్నా రెక్క ముందంచులో చిన్న రంధ్రం ఉంటుంది. స్టాల్ దగ్గరపడితే గాలి అందులోంచి లాగబడి హారన్ మోగుతుంది, కరెంటు అక్కర్లేదు. ఎగిరే ముందు దాని మీద చేతిరుమాలు పెట్టి నోటితో పీల్చి చూస్తారు. అది వేగాన్ని కాదు, రెక్కకు గాలి తగిలే కోణాన్ని పట్టుకుంటుంది. మేం ఆపేయకపోతే ఆ మలుపులో అది కచ్చితంగా మోగేది.

ఇంకో మాట. ఎన్ని టెస్టులు పాసయ్యాయని మాత్రమే అడిగే మేనేజర్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు ఎగరేశారో ఒక్కరూ అడగరు. డెస్క్‌టాప్ యోక్ కూడా మోసం చేస్తుంది. నిజం విమానంలో వేగం తగ్గేకొద్దీ కంట్రోల్స్ వదులవుతాయి, ఆ వదులు చేతికి తెలుస్తుంది. స్ప్రింగ్ యోక్ మాత్రం ఎప్పుడూ ఒకేలా బిగుసుకుని ఉంటుంది. కాబట్టి హెచ్చరిక విన్నాక పైలట్ ఎంత బలంగా లాగాడన్న లెక్కను నమ్మకండి. ఎటు లాగాడు, ఎన్ని సెకన్లకు వదిలాడు, అది రాసుకోండి. ఏం జరగబోతోందో మాత్రం అతనికి ముందే చెప్పొద్దు.