గాబన్, నైజర్ స్టాంపుల మీద ఒకే భవనం ఉంది, ఒకటి నకిలీయా?

మీ మావయ్యగారి ఆల్బమ్‌లో గాబన్, నైజర్ స్టాంపుల మీద ఒకే భవనం ఉందనీ, రెండూ 100 ఫ్రాంకులేననీ, ఒకటి నకిలీ అయితే తీసేస్తాననీ రాశారు. దయచేసి తీసేయకండి. ఆ కారణంగా దేన్నీ అనుమానించక్కర్లేదు.

ఆ భవనం కాంగో రాజధాని బ్రాజవిల్‌లోది, ఆఫ్రికా-మలగాసీ తపాలా, టెలికమ్యూనికేషన్ల సమాఖ్య కార్యాలయం. ఫ్రాన్స్ పాలన నుంచి బయటపడ్డ దేశాలు 1961లో ఆ సమాఖ్య పెట్టుకున్నాయి. పదేళ్లు నిండాయని 1971 నవంబర్ 13న సభ్యదేశాలు ఎవరి స్టాంపు వాళ్లు విడుదల చేశాయి. భవనం ఉమ్మడి, దాని పక్క బొమ్మ మాత్రం ఏ దేశానిది ఆ దేశానిదే. ఇలాంటివాటిని ఆమ్నిబస్ ఇష్యూ అంటారు.

నేనూ మొదట్లో దేశాలవారీగానే పెట్టుకునేవాణ్ణి. దాంతో ఇవి తలో పేజీలో పడి, ఒకదానికొకటి సంబంధమే లేనట్టు ఉండేవి. తర్వాత అన్నీ తీసి ఒకే పేజీలో పేర్చాను. సెనెగల్, కామెరూన్, దహోమే, ఎగువ వోల్టా పక్కపక్కన చేరాక, అదే భవనం మళ్లీ మళ్లీ కనబడుతుంటే సమాఖ్య అంటే ఏంటో కళ్లకు కట్టింది. (దహోమే ఇప్పటి బెనిన్, ఎగువ వోల్టా ఇప్పటి బుర్కినా ఫాసో.) నైజర్‌కు సముద్రమే లేదు. అక్కడి ఉత్తరం ఓడెక్కాలన్నా పొరుగు దేశం సాయం కావాలి. అందుకే ఈ సెట్‌లో నైజర్ స్టాంపంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ధర గురించి కూడా అడిగారు. మామూలు స్టాంపులకు పెద్దగా పలకదు. ఇంకో మాట: అంచుకి చిల్లుల్లేని కాపీ చూపించి ‘ప్రింటింగ్ ఎర్రర్, చాలా అరుదు’ అని ఎవరైనా ఎక్కువ చెబితే టెంప్ట్ అవకండి. ఫ్రెంచ్ పద్ధతి పాటించే దేశాలు చిల్లుల్లేనివి కొన్ని కావాలనే వేయించేవి. వెనక పాత హింజ్ (స్టాంపును ఆల్బమ్‌లో అతికించే చిన్న కాగితం ముక్క) అంటుకుని ఉంటే గోరుతో గీకకండి, జిగురుతో పాటు కాగితం కూడా లేచి వస్తుంది. అలాగే ఉంచేయండి.

ఆల్బమ్‌లో 1967 నాటి 100 ఫ్రాంకుల స్టాంపులున్నాయేమో కూడా వెతకండి, అదే సమాఖ్య ఐదేళ్ల సందర్భంగా వచ్చినవి. నా దగ్గర 1971 కామెరూన్‌ది ఒకటి అదనంగా ఉంది. మీ దగ్గర గాబన్‌ది రెండోది ఉంటే చెప్పండి, మార్చుకుందాం.