చాప్స్ గ్రిల్ డిన్నర్: 130 డాలర్లు ఎందుకు సరిపోవు

ఇద్దరికి 65 చొప్పున 130 డాలర్లు చాలనుకున్న మీ లెక్కలో 18 శాతం గ్రాట్యుటీ (బిల్లులోనే కలిపే టిప్) లేదు. రాయల్ కరీబియన్ క్రూజ్ షిప్‌లోని స్టేక్ రెస్టారెంట్ చాప్స్ గ్రిల్‌కి మీకు కనిపించిన 65 డాలర్లు కవర్ చార్జ్ (భోజనానికి మనిషికి ఇంత అని కట్టేది) మాత్రమే.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. "రోజువారీ టిప్స్ ముందే కట్టేశాం కదా" అనుకుంటారు. అవి క్యాబిన్, మెయిన్ డైనింగ్ సిబ్బందికి. చాప్స్ గ్రిల్ లాంటి స్పెషాలిటీ రెస్టారెంట్‌కీ (విడిగా డబ్బు కట్టి తినేది) డ్రింక్స్‌కీ 18 శాతం విడిగా పడుతుంది. ఆ పైన సంతకానికి వచ్చే స్లిప్‌లో టిప్ కోసం ఇంకో ఖాళీ గడి ఉంటే, అది మీ ఇష్టం. మొహమాటపడి నింపక్కర్లేదు.

ఇద్దరికి ఇలా వేసుకోండి:

1. కవర్ 65 × 2 = 130
2. దానిపై 18 శాతం = 23.40
3. చెరో గ్లాసు వైన్, గ్లాసు 14 అనుకుంటే, గ్రాట్యుటీతో 33 (డ్రింక్ ప్యాకేజీ ఉంటే ఇది తీసేయండి)
4. మొత్తం దాదాపు 186 డాలర్లు

మెనూలో పక్కన ధర వేసి ఉన్న లాబ్‌స్టర్, డ్రై ఏజ్డ్ స్టేక్ లాంటివి కవర్‌లో రావు. ఆర్డర్ చేసేముందే అడగండి.

మన దేశపు కార్డయితే ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చుపై బ్యాంకు వేసే అదనపు చార్జీ), దానిపై జీఎస్‌టీ కూడా ఉంటాయి. 195 పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

తగ్గించుకోవాలంటే షిప్ ఎక్కకముందే క్రూజ్ ప్లానర్‌లో (రాయల్ కరీబియన్ ఆన్‌లైన్ ముందస్తు బుకింగ్ పేజీ) బుక్ చేయండి, తరచూ ఆఫర్లు వస్తుంటాయి. లేదా సముద్రంలోనే ఉండే రోజు అక్కడ లంచ్ చూడండి, కవర్ బాగా తక్కువ. మీలో ఒకరు శాకాహారి అయితే నా ఓటు లంచ్‌కే. స్టేక్ తినకపోయినా డిన్నర్ కవర్ అంతే పడుతుంది.