సందేహాలు – సమాధానాలు: నవలకు సినిమా ఏమవుతుంది?

సందేహం: మా మిత్రబృందంలో చాలామందికి డగ్లస్ ఆడమ్స్ రాసిన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ అంటే ప్రాణం. దాని ఆధారంగా 2005లో వచ్చిన ఆంగ్ల చిత్రం గురించి మేము తెలుగులోనే వాదులాడుకుంటూ ఉంటాం. ఈమధ్య ఒకరు దాన్ని నవలకు ‘అనువాదం’ అన్నారు. మరొకరు అనువాదం కాదు, ‘అనుసరణ’ అని దిద్దారు. సినిమా నచ్చని ఇంకొక మిత్రుడు ‘పేలవమైన అనుకరణ’ అని తీసిపారేశారు. నేను ‘రూపాంతరం’ అని రాస్తే, రాయి అహల్యగా మారినట్లుందని అందరూ నవ్వారు. వీటిలో ఏది సరైన మాట? ‘నవలను అనుసరణ’ అనాలా, ‘నవలకు అనుసరణ’ అనాలా? సినిమా ‘మూలానికి’ ద్రోహం చేసిందనడానికీ ‘మాతృకకు’ ద్రోహం చేసిందనడానికీ తేడా ఉన్నదా? ఇలాంటి నవలను ‘హాస్య విజ్ఞాన కల్పన’ అనాలా, ‘విజ్ఞాన హాస్య కల్పన’ అనాలా?

సమాధానం: మీ మిత్రులు వాడిన మూడు మాటలకూ ముందున్నది ‘అను’ అనే ఉపసర్గమే. దానికి వెనుక, వెంబడి అని అర్థం. అనుచరుడు, అనుజుడు, అనుగమనం అన్న మాటల్లో ఉన్నదీ అదే. వెనుక పలకడం అనువాదం, వెనుక నడవడం అనుసరణం, ఒకరు చేసినట్లు చేయడం అనుకరణం. వ్యుత్పత్తిని బట్టి చూస్తే మూడూ ఇంచుమించు ఒక్క ఇంటివే. అయితే మాటకు అర్థాన్ని నిర్ణయించేది వ్యుత్పత్తి ఒక్కటే కాదు, వాడుక కూడా. ఆ వాడుకలోనే ఈ మూడూ ఎప్పుడో వేరు కాపురాలు పెట్టుకున్నాయి.

‘అనువాదం’ ఈ సందర్భంలో బొత్తిగా కుదరదు. మీమాంసకులు ఇదివరకే తెలిసిన సంగతిని మళ్లీ చెప్పడాన్ని అనువాదమన్నారు గనుక, ఆ అర్థంలో నవలలోని కథను తెరమీద మళ్లీ చెప్పడమూ అనువాదమే కదా అని మీ మిత్రుడు వాదించవచ్చు. కాని నేటి తెలుగులో అనువాదమంటే ఒక భాషలో ఉన్నదాన్ని మరొక భాషలోకి తేవడం. ఇక్కడ నవలా ఆంగ్లమే, చిత్రమూ ఆంగ్లమే. పైగా మన సినిమా పత్రికల్లో ‘అనువాద చిత్రం’ అంటే డబ్బింగ్ సినిమా అని అర్థం ఏనాడో స్థిరపడింది. 2005 నాటి చిత్రాన్ని అనువాదం అని రాస్తే, తెలుగు పాఠకుడు దాన్ని తెలుగులోకి డబ్ చేశారు కాబోలని అనుకుంటాడే గాని, నవలను సినిమాగా తీశారని అనుకోడు.

‘అనుకరణ’ సంగతి వేరు. ‘అవస్థానుకృతి నాట్యం’ (అవస్థలను అనుకరించడమే నాట్యం) అని దశరూపకం అనే నాట్యశాస్త్ర గ్రంథం చెప్పినప్పుడు ఆ మాటలో నింద లేదు. ధ్వన్యనుకరణ మనం మెచ్చుకునే కళ. నేరెళ్ల వేణుమాధవ్ పేరు చెబితే ఆ మాటకు ఎంత గౌరవం ఉన్నదో తెలుస్తుంది. అదే మాటను ఒక రచనకో, చిత్రానికో తగిలిస్తే మాత్రం సొంత సరుకు లేదు, చూసి కొట్టారు అనే ధ్వని వస్తుంది. మీ మిత్రునికి సినిమా నచ్చలేదు గనుక ఆయన కోరి ఆ మాటను ఎన్నుకుని ఉంటే భాషాపరంగా తప్పు పట్టలేను. కాని అది తీర్పు చెప్పే మాట, ఆ చిత్రం ఏ కోవకు చెందుతుందో చెప్పే మాట కాదు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఈ చిత్రం మీద వీరాభిమానుల ఫిర్యాదు అది నవలను ఉన్నది ఉన్నట్లు దింపిందని కాదు, ఉన్నది ఉన్నట్లు దింపలేదని. అటువంటప్పుడు ‘అనుకరణ’ అనడం వాళ్ల ఫిర్యాదుకే ఎదురు తిరుగుతుంది.

ఇక మిగిలినవి అనుసరణ, రూపాంతరం. ఈ రెండింటిలో ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తోసివేయనక్కరలేదు, ఎందుకంటే ఇవి రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. రూపం మారిందా అన్న ప్రశ్నకు జవాబు రూపాంతరం. ఎంత దగ్గరగా వెంట నడిచింది అన్న ప్రశ్నకు జవాబు అనుసరణ. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రను తీసుకోండి. గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ఛాయలు అందులో ఉన్నాయని అందరూ ఒప్పుకున్నదే. కథ గోదావరి ఒడ్డున ధవళేశ్వరానికి వచ్చింది, మనుషులు తెలుగువాళ్లయ్యారు, ఆచారాలు తెలుగు ఆచారాలయ్యాయి. అయినా నవల నవలగానే ఉన్నది. అక్కడ ఉన్నది అనుసరణే, రూపాంతరం లేదు. ఒక నాటకాన్ని మాట పొల్లుపోకుండా రేడియోలో వినిపించే ప్రయత్నం చేస్తే, అక్కడ రూపం మారింది గాని వెంట నడవడంలో ఎడం దాదాపుగా లేదు. మీరు చర్చిస్తున్న చిత్రం ఈ రెండు కొసలకూ మధ్య ఉన్నది. అక్షరాల్లో ఉన్నది దృశ్యమయింది గనుక అది నిస్సందేహంగా రూపాంతరమే. ఆ రూపాంతరం సన్నిహితానుసరణమా, స్వేచ్ఛానుసరణమా అన్నదే మీ మిత్రుల అసలు తగాదా.

రూపాంతరం అంటే రాయి అహల్య కావడమే అని నవ్వినవారికి ఒక మాట. దేశాంతరం అంటే మరొక దేశం, గ్రంథాంతరం అంటే మరొక గ్రంథం, అలాగే రూపాంతరం అంటే మరొక రూపం. అందులో శాపమూ లేదు, విమోచనమూ లేదు. నిజానికి ఈ రచన విషయంలో అంతకంటె తగిన మాట దొరకదు. ఇది పుట్టింది నవలగా కాదు. 1978 మార్చిలో బీబీసీ రేడియో 4లో ధారావాహిక నాటకంగా మొదలయింది. అందులో మొదటి నాలుగు భాగాల కథే ఇంచుమించుగా 1979లో నవల అయింది. 1981లో టెలివిజన్‌లో ఆరు భాగాలుగా వచ్చింది. 1984లో కంప్యూటర్ ఆట అయింది. సినిమా కావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. ఒక రూపంలో ఉన్న సంగతి మరొక రూపంలో ఉండదు, ఉన్నా అలాగే ఉండదు. అలా మార్చినవాడు చాలావరకు రచయితే.

ఇక్కడే మీ మూలం, మాతృకల ప్రశ్న వస్తుంది. వాడుకలో ఈ రెంటినీ ఒకదానికి బదులు ఒకటి వేస్తుంటారు, చాలాచోట్ల నష్టమూ లేదు. ఈ చర్చలో మాత్రం తేడా పాటించడం మంచిది. మూలం అంటే వేరు, మొదలు. మాతృక అంటే ముందు పెట్టుకుని రాసుకునే ప్రతి. తాళపత్రాల కాలంలో లేఖకుడు ఏ ప్రతిని చూసి ఎక్కించుకుంటాడో అది అతనికి మాతృక. ఆ ప్రతికి మరొక ప్రతి మాతృక కావచ్చు, వాటన్నిటికీ వెనుక కవి రాసిన మూలం ఉండవచ్చు. ఆ లెక్కన ఈ కథకు మూలం రేడియో నాటకం, చిత్రానికి ప్రధానమైన మాతృక నవల. కాబట్టి ‘సినిమా మాతృకకు దూరంగా జరిగింది’ అన్నది పరిశీలించదగిన వాక్యం. ‘మూలానికి ద్రోహం చేసింది’ అంటే మాత్రం, ద్రోహం మాట అటుంచి, ఏ మూలానికి అని ఎదుటివాడు అడుగుతాడు, నవల కూడా రేడియోకు అంతే ద్రోహం చేసింది కదా అంటాడు. మనకు ఈ చిక్కు కొత్త కాదు. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో, దాదాపు కొత్త నాటకమే అనదగినంతగా మారిన రెండవ కూర్పు 1909లో వచ్చాయి. 1955లో నందమూరి తారక రామారావు, సావిత్రి నటించిన చిత్రం మూలానికి ఎంత దగ్గర అని తూచేవారు, తాము తక్కెడలో రెండవవైపు ఏ కూర్పును పెట్టారో ముందు చెప్పుకోవాలి.

ఈ సందర్భంలో మరొక విషయం గమనించవలసి ఉన్నది. అభిమానులు నవలలో లేవని ఆక్షేపించినవాటిలో హుమ్మా కవూలా అనే పాత్ర ఒకటి, ఎవరి మీద గురిపెడితే వారికి ఎదుటివారి మనసు అర్థమయ్యేలా చేసే తుపాకి మరొకటి. ఈ రెండూ సినిమా కోసం ఆడమ్స్ స్వయంగా కల్పించినవే. 2001 మే 11న ఆయన చనిపోయే నాటికి చిత్రకథ మీద పని జరుగుతూనే ఉన్నది. తరువాత దాన్ని కేరీ కర్క్‌పాట్రిక్ పూర్తిచేశారు, గార్త్ జెన్నింగ్స్ దర్శకత్వం వహించారు. అందువల్ల ‘నవలను అనుసరించలేదు’ అనే మాటా ‘రచయితను అనుసరించలేదు’ అనే మాటా ఒకటి కావు. మీ మిత్రుల వాదనలో సగం వేడి ఈ రెండు వాక్యాలనూ కలగలపడం వల్ల పుట్టిందని నా అనుమానం.

ఎంత దగ్గరగా నడిస్తే అనుసరణ అనే ప్రశ్నను మన కవులు సినిమా పుట్టకముందే తేల్చుకోవలసి వచ్చింది. శ్రీహర్షుని నైషధాన్ని తెనిగించిన శ్రీనాథుడు తాను చేసిన పనిని ఎంతో జాగ్రత్తగా చెప్పుకున్నాడు: శబ్దాన్ని అనుసరించి, అభిప్రాయాన్ని గుర్తించి, భావాన్ని ఉపలక్షించి, రసాన్ని పోషించి, అలంకారాన్ని భూషించి, ఔచిత్యాన్ని ఆదరించి, అనౌచిత్యాన్ని పరిహరించి, మాతృకానుసారంగా చెప్పానన్నాడు. ‘అనుసరించు’ అనే క్రియను ఆయన శబ్దానికే వాడాడు, రసానికి వాడలేదు. రసాన్ని అనుసరించరు, పోషిస్తారు. (ఇంత చెప్పినా పండితులు ఊరుకోలేదట. నీ డుమువులు నువ్వు తీసుకుని మా సంస్కృతం మాకిచ్చెయ్యమన్నారని చెప్పుకుంటారు. వీరాభిమానులు ఏ కాలంలోనైనా ఉంటారు.)

ఈ తూకంతో చూస్తే చిత్రాన్ని సమర్థించేవారు చెప్పేది తేలికగా తెలుస్తుంది: మాటలు మారితే మారాయి, రసం నిలిచింది, అది చాలు అని. చాలా నవలల విషయంలో నేనూ ఆ పక్షమే. కాని ఈ నవలలో హాస్యం సంఘటనల్లో కంటె వాక్యాల్లో ఎక్కువగా ఉన్నది. భూమిని కూల్చడానికి వచ్చిన ఓడలు ఆకాశంలో వేలాడుతున్నాయని చెబుతూ రచయిత, ఇటుకలు ఏ విధంగా వేలాడవో సరిగ్గా ఆ విధంగా వేలాడాయంటాడు. కెమెరా ఓడను చూపగలదు, ఇటుకలు వేలాడని విధాన్ని ఎలా చూపుతుంది? మరొక చోట ఆర్థర్ అనే కథానాయకుడి ఇంటిని బైపాస్ రోడ్డు కోసం కూల్చడానికి మనుషులు వస్తారు. ప్రణాళికను అందరూ చూసేలా ప్రదర్శించామని అధికారి అంటే, దాన్ని చూడడానికి నేలమాళిగలోకి దిగవలసి వచ్చిందని ఆర్థర్ అంటాడు. ప్రదర్శన విభాగం అదేనంటాడు అధికారి. అక్కడ దీపం లేదు, మెట్లూ లేవు. కాగితాలున్నది తాళం వేసిన బీరువా అడుగున, ఆ బీరువా ఉన్నది వాడకంలో లేని మరుగుదొడ్డిలో, దాని తలుపు మీద చిరుతపులి ఉన్నది జాగ్రత్త అనే బోర్డు. ఒక్కొక్క జవాబుకూ ఒక్కొక్క మెట్టు కిందికి దిగడంలోనే నవ్వంతా ఉన్నది. చిత్రంలో ఈ సంభాషణను బాగా కుదించారు. అభిమానులు ఇన్నేళ్లుగా దీన్నే ఎత్తిచూపుతున్నారంటే అది మూర్ఖపు పట్టుదల కాదు. ఇక్కడ శబ్దాన్ని కత్తిరిస్తే కత్తిరింపుతో పాటే రసమూ పోతుంది. అదే సమయంలో నవలలో మార్గదర్శి గ్రంథం (పేరులో ఉన్న ‘గైడ్’ అదే) చెప్పే మాటలను చిత్రంలో స్టీఫెన్ ఫ్రై గొంతుతో, బొమ్మలతో వినిపించిన చోట్ల శబ్దానుసరణమూ రసపోషణమూ రెండూ సమకూరాయి. కనుక ఒకే చిత్రంలో కొన్ని ఘట్టాలు సన్నిహితానుసరణంగానూ, ఆర్థర్‌కూ ట్రిలియన్ అనే యువతికీ మధ్య ప్రేమకథను పెంచినచోట స్వేచ్ఛానుసరణంగానూ ఉన్నాయని రాయడంలో వైరుధ్యం లేదు. మొత్తానికి ఒకే మాట తగిలించాలన్న పట్టింపే ఇబ్బంది.

విభక్తి గురించి. ‘అనుసరించు’ క్రియ కర్మను ద్వితీయలో కోరుతుంది: నవలను అనుసరించి తీశారు. ‘అనుసరణ’ నామవాచకం గనుక దానికి ముందు ‘కు’ రావాలి: నవలకు అనుసరణ, నవలకు రూపాంతరం. ‘నవలను అనుసరణ’ తప్పు. ‘నవలను అనుసరణ చేశారు’ అని కొందరు రాస్తారు, అది తప్పు కాకపోయినా ‘అనుసరించారు’ అనే ఒక్క మాట ఉండగా అంత బరువు అనవసరం. ‘అనుసరణీయ చిత్రం’ అని మాత్రం రాయకండి. అనుసరణీయం అంటే అనుసరించదగినది. నవలను అనుసరించి తీసిన చిత్రమనే అర్థం ఆ మాటకు రాదు. ‘నవలా చిత్రీకరణ’ అన్నా సందిగ్ధమే, ఎందుకంటే మన వాడుకలో చిత్రీకరణ అంటే షూటింగ్. ‘నవలను తెరకెక్కించారు’ అనేది పత్రికల మాటే అయినా నిర్దుష్టమైనది. అన్నిటికంటె సులువైనది ‘నవల ఆధారంగా తీసిన సినిమా’. అది ఎంత దగ్గరో ఎంత దూరమో చెప్పదు. తీర్పు చెప్పడం ఇష్టం లేనప్పుడు దాన్ని వాడుకోవచ్చు.

చివరిది సమాసంలో మాటల వరుస. తత్పురుషలో సాధారణంగా చివరి పదమే ప్రధానం. ‘విజ్ఞాన కల్పన’ అనేది తెలుగులో ఒక సాహిత్యశాఖకు పేరుగా స్థిరపడిన జంట. దాని మధ్యలో మరొక మాటను దూర్చి ‘విజ్ఞాన హాస్య కల్పన’ అంటే ఆ జంట విడిపోయి, విజ్ఞానశాస్త్రం మీద చెప్పిన హాస్యకథ అనే అర్థం ముందుకు వస్తుంది. విజ్ఞాన కల్పననే హాస్యంగా నడిపారనే అర్థం కావాలంటే విశేషణాన్ని ముందుంచి ‘హాస్య విజ్ఞాన కల్పన’ అనాలి. అది బరువుగా తోస్తే ‘హాస్య సైన్స్ ఫిక్షన్ నవల’ అనండి. ‘నవల’ అనే మాటే కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ఆంగ్ల పదానికి సంస్కృత వ్యుత్పత్తి చెప్పి మనకిచ్చింది. దాని పక్కన సైన్స్ ఫిక్షన్ కూర్చుంటే కాదనేవారు ఉండరు.